నెల్లూరు సామానుకు సరిపోయే ఆర్ములు

నా కారు ఇక ఎక్కనని నా భార్య నెల్లూరులో వాళ్లక్కగారింట్లో, బారసాల భోజనాల పంక్తిలో, విస్తరి ముందు కూర్చున్న ప్రతివాడూ వినేలా చెప్పింది. చెప్పినట్టే మర్నాడు రైలెక్కి మద్రాసు వచ్చేసింది. కారును నేనొక్కణ్నే తోలుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

ఇది అన్యాయం. పెళ్లయిన కొత్తలో ఇదే మనిషి మా కొట్టు వ్యానులో, ఎండుమిరపకాయల బస్తాల మధ్య, తుమ్ముకుంటూ నా వెంట కాళహస్తి వచ్చింది. స్కూటరు వెనక కూర్చుని వానలో రెడ్ హిల్స్ దాకా వచ్చింది. ఆ బండ్లన్నిటికీ బ్రేకు ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఇప్పుడు ఆరు సిలిండర్ల కారు, మెత్తటి తోలు సీటు, చల్లగాలి. దీంట్లో కూర్చోలేనంటుంది. అదీ నాతో చెప్పలేదు, పంక్తికి చెప్పింది.

జరిగింది ఇంతే. గుమ్మిడిపూండి దాటాక ఒక వంతెన మీద లారీవాడు చెయ్యి చూపకుండా మా వరసలోకి వచ్చాడు. నేను బ్రేకు తొక్కాను. కారు ముందు భాగం నేను చెప్పినట్టు విన్నది. వెనక భాగం వినలేదు, ఎడమకు జారింది. స్టీరింగు అటు తిప్పి ఇటు తిప్పి సర్దాను. ఎవరికీ ఏమీ తగల్లేదు, కారు మీద గీత కూడా పడలేదు. ఆమె ఎప్పటిలా వెనక సీట్లో కిక్కురుమనకుండా కూర్చుంది. నెల్లూరు దాకా ఒక్క మాట లేదు. సరే, మరిచిపోయిందనుకున్నాను. పంక్తిలో మా తోడల్లుడు ఊరికే ఉండక కదిపాడు.

“ఏం మరదలా, కొత్త కార్లో మహారాణి మాదిరి దిగినావే!”

“మహారాణీ లేదు, మన్నూ లేదు బావా. ఆ బండి ముందర ఒక పక్కకు పోతాది, వెనక ఇంకో పక్కకు పోతాది. నడాన నేనుండా. ఇంక ఆ బండి ఎక్కేది లేదు. రేపటికి నాకు రైలు టిక్కెట్టు తీసియ్యి.”

అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో సగం మందికి సైకిలు కూడా సరిగ్గా రాదు.

ఈ కారు గురించి చెప్పాలి. మాది ఉత్తర మద్రాసులో ఎండుమిరపకాయల, చింతపండు హోల్‌సేలు కొట్టు. ఎనిమిదో తరగతిలో ఉండగానే మా నాయన బడి మాన్పించి గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టాడు. నా చదువు ఆ తరవాతే మొదలయింది. మూర్ మార్కెట్టులో పాత పుస్తకాల వరసలో మోటారు పుస్తకాలు దొరికేవి, అట్టలు ఊడిపోయినవి, నూనె మరకలు పడినవి. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషూ మోటారూ ఒకేసారి నేర్చుకున్నాను. పొట్లాలు కట్టే కాగితం మీద పెన్సిలుతో చక్రాలూ స్ప్రింగులూ గీసేవాణ్ని. షోలవరంలో పూర్వం విమానాలు దిగిన పట్టీ మీద కార్ల పందేలు జరిగే రోజుల్లో ఒక్కటీ వదలకుండా వెళ్లేవాణ్ని. కొత్త పెళ్లికూతుర్ని కూడా ఒకసారి తీసుకెళ్లాను. చెవులు మూసుకుని కూర్చుంది. “అన్నీ ఒకే చోట తిరగతా ఉండాయి గదా, గెలిచింది ఏదని ఎట్టా తెలస్తాది?” అని అడిగింది.

అప్పటి కోరిక ఇప్పటికి తీరింది. కొట్టు తమ్ముడి పిల్లలకు అప్పగించాక ఒక పాత జర్మనీ కారు కొన్నాను. నాలుగు తలుపులది, వెనక చక్రాలు తోసేది. బంధువులు నాకు మతి పోయిందన్నారు. కొననీ అన్నది నా భార్య ఒక్కతే. అందుకే నాకు కోపం ఎక్కువ.

కోపం ఎంతున్నా తప్పు కారులో ఎక్కడుందో వెతకాలి గదా. కారు కిందికి దూరే వయసు కాదు నాది. ఒక అద్దానికి కర్ర కట్టి కిందికి జరిపి, టార్చి వేసి చూశాను. వెనక టైర్లు లోపలి అంచున నున్నగా అరిగిపోయి ఉన్నాయి, బయటి అంచున కొత్తగా ఉన్నాయి. అంటే చక్రాలు నిటారుగా లేవు. నాకు అమ్మినవాడు కారు నేలకు దగ్గరగా కనిపించాలని స్ప్రింగులు కోయించాడట. అందం కోసం! అందం కోసం కాళ్లు కోయించుకున్నవాణ్ని ఎక్కడైనా చూశామా?

వెనక చక్రాన్ని కారు పట్టుకుని ఉండేది కొన్ని ఇనప చేతులతో. ఆర్ములంటారు. కొన్ని అడ్డంగా ఉంటాయి, చక్రం పక్కకు పోకుండా. కొన్ని నిడుపుగా ఉంటాయి, ముందుకూ వెనక్కూ పోకుండా. ఒక్కొక్క చేతికి రెండు కొసలా బుష్షులు, అంటే రబ్బరు దిమ్మలు. నా కారుకు కంపెనీ ఇచ్చినవి రేకు వంచి చేసిన పల్చటి ఆర్ములు. వాటి పొడుగు మార్చడానికి లేదు. కారు కిందికి దిగింది, ఆర్ములు అదే పొడుగు, రబ్బరు చిరిగింది. బ్రేకు తొక్కగానే చక్రం తనకు తోచిన దిక్కు చూస్తోంది. తప్పు తోలేవాడిది కాదని తేలింది. ఈ మాట ఇంట్లో గట్టిగా చెప్పాను.

“సరే” అంది. ఆ సరేకు అర్థం నలభై ఏళ్ల పైనుంచీ నాకు తెలుసు. సరే కాదని.

ఇక పొడుగు మార్చుకోగలిగే గట్టి ఆర్ములు కొనాలి. మద్రాసులో ఇలాంటివి అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు, అందరూ ఫోనులోనే. నేను హలో అనగానే గొంతులో వయసు పట్టేసి “అంకుల్, ట్రాక్ యూజా, స్ట్రీట్ యూజా?” అని అడుగుతారు.

“నెల్లూరు యూజు” అన్నాను ఒకడితో.

“అది ట్రాకా అంకుల్?” అన్నాడు.

ముందుగా కోడంబాక్కం వెళ్లాను. అక్కడ సినిమాల్లో వెంటబడి తరుముకునే కార్లను తయారుచేసే షెడ్డు ఒకటి ఉంది. కార్ల వెనక భాగాల గురించి వాళ్లకు తెలిసినంత ఎవరికి తెలుస్తుందని నా ఆలోచన. షెడ్డు నడిపేవాడు తెలుగువాడే, వాళ్ల తాతల నాటి నుంచీ ఈ ఊళ్లోనే ఉన్నారు, మాటలో అరవం కలిసింది. నా కారు చుట్టూ తిరిగి చూసి, నడుం మీద చెయ్యి వేసుకుని అడిగాడు.

“తోక తిరగాలనా సార్, తిరక్కూడదనా?”

“తిరక్కూడదు.”

“అడ! ఈడికి వచ్చేవాళ్లంతా తిరగాలనే వస్తారు పా. నువ్వొక్కడివే ఇట్టా అడిగేది.”

అయినా చూపించాడు. గుండ్రటి ఉక్కు గొట్టాలు, రెండు కొసలా మరలు. రబ్బరు ఊసే లేదు. గిన్నెలో తిరిగే ఉక్కు గుండ్లే రెండు వైపులా జాయింట్లు. గొట్టాన్ని తిప్పితే ఆర్ము పొడుగవుతుంది, పొట్టిదవుతుంది, నట్టు బిగించి నిలబెట్టుకోవాలి. చేతిలోకి తీసుకున్నాను. ఆ బరువూ ఆ బిగువూ చూసి, నిజం చెప్పాలంటే, వెంటనే కొనెయ్యాలనిపించింది. అవే వేసిన కారు ఒకటి షెడ్డులో ఉంటే నన్ను ఎక్కించుకుని లిబర్టీ వంతెన దాకా తిప్పి తెచ్చాడు. వీధిలోని ప్రతి గులకరాయీ నా వెన్నుపూసతో మాట్లాడింది. కింద ఎవరో ఇడ్లీ పాత్రలో గోళీలు వేసి ఆడిస్తున్నట్టు గలగల.

“ఏంది పా ఈ సద్దు?”

“సద్దు కాదు సార్, అదే ఫీలింగు.”

ఆ ఫీలింగు నా భార్యకు కలిగితే ఇక రైలు పాసు తీసుకుంటుంది. నమస్కారం పెట్టి వచ్చేశాను.

చివరికి అంబత్తూరులో ఒకతను దొరికాడు. గుంటూరు వైపు నుంచి ఈ ఊరి కార్ల కంపెనీలో ఉద్యోగానికి వచ్చి, సస్పెన్షన్ విభాగంలో కొన్నేళ్లు చేసి, అది మానుకుని సొంత వర్క్‌షాపు పెట్టుకున్నాడు. ఇంజనీరు. నన్ను అంకుల్ అనకుండా బాబాయి గారూ అన్నాడు. అక్కడికే సగం కోపం దిగింది. కారును రిపేర్ల గుంత మీద నిలబెట్టి, కిందికి దిగి, ఒక్కొక్క ఆర్మునూ పట్టుకుని ఊపి చూశాడు. పైకి వచ్చి చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

“వెనక సీట్లో ఎవరండీ కూర్చునేది?”

అన్నాళ్లుగా నేను తిరిగిన చోట్లలో ఈ ప్రశ్న అడిగినవాడు ఇతనే. మొత్తం చెప్పాను, పంక్తితో సహా. నవ్వు ఆపుకోవడానికి పాపం చాలా కష్టపడ్డాడు.

అక్కడ ఒక వాదన జరిగింది. నేను పెన్సిలు తీశాను, అతను బల్ల మీద సుద్దముక్క తీశాడు. అన్నీ గట్టివే వేసెయ్యమన్నాను. చక్రం కదిలితే గదా తోక కదిలేది, ఏ చేతినీ కదలనివ్వొద్దు, సద్దు తగ్గడానికి పైన ఏదైనా గుడ్డ చుట్టమన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు.

“వద్దు బాబాయి గారూ. గుంతలో పడ్డప్పుడు చక్రం కొంచెం వెనక్కి జరగాలి. జరక్కపోతే ఆ దెబ్బంతా పిన్నిగారి నడుంకి వెళ్తుంది. నిడుపు ఆర్ములు రబ్బరువే ఉంచుదాం, కొత్త రబ్బరు వేద్దాం. అడ్డం ఆర్ములు మాత్రం గట్టివి, పొడుగు మార్చుకునేవి. వాటికి కూడా చక్రం వైపు ఉక్కు జాయింటు, కారు వైపు గట్టి బుష్షు. పక్కలకు బిగువు, ముందువెనకలకు మెత్తన.”

నా గీతలు నేను మళ్లీ చూసుకున్నాను. ఆ పాత పుస్తకాలన్నీ పందెం కార్ల గురించి చెప్పినవి. వాటిలో వెనక సీటే ఉండదు. నేను అంత దూరం ఆలోచించలేదని ఒప్పుకోవడానికి నాకు బాధ లేదు. అయితే ఒక మాట నేనూ చేర్చాను. మా ఇల్లు రాయపురం హార్బరుకు దగ్గర, ఉప్పుగాలి. వాన పడితే మా వీధిలో నీళ్లు మోకాటి దాకా నిలుస్తాయి. తొడుగు లేని జాయింటు ఒక్క వానాకాలంలో తుప్పు పడుతుంది. అది అతను రాసుకున్నాడు. తొడుగులున్న జాయింట్లు వచ్చేదాకా ఆగాం. వస్తూనే కోసిన స్ప్రింగులు తీయించి, సరైన ఎత్తువి వేయించాను.

బిగించిన రోజు నాకు పండగ. చక్రాలకు వాటి వాలు కొలిచే పలకలు తగిలించి, కంప్యూటరు చూస్తూ, ఆర్ములు కొంచెం కొంచెం తిప్పి అన్నీ సరిచేశాడు. నా సీటులో నా బరువుకు సరిపడా ఇసుక సంచులు పెట్టాడు, పందెం కార్లకు అలాగే చేస్తారట. సాయంత్రం పూందమల్లి రోడ్డు మీద ఖాళీగా తోలి చూశాను. గట్టిగా బ్రేకు తొక్కాను. గీత గీసినట్టు ఆగింది. ఇంకోసారి తొక్కాను. అలాగే ఆగింది. ఆ వెనక భాగం నాకు లొంగింది! ఇంటికి వచ్చి మెట్లు ఎక్కుతూనే అరిచాను.

“అయిపోయింది. ఇంక అటూ ఇటూ పోదు. ఈ వారం నెల్లూరు నాతోనే వస్తా ఉండావు.”

ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

“అక్కకు సామాను చాలా ఉండాది. రైల్లో మొయ్యలేను. అవి మీరు కార్లో తీసుకుపోండి. నేను రైల్లో వస్తా.”

చూడండి! ఆమె నూనె డబ్బాలకు నా కారు పనికొస్తుంది. ఆమెకు పనికిరాదు.

తీసుకెళ్లాను. తీసుకెళ్లక ఏం చేస్తాను? అదే గుమ్మిడిపూండి దాటాక, కావాలనే, వెనకా ముందూ బండ్లు లేనప్పుడు బ్రేకు తొక్కాను. తోక కదిలింది. మునుపటంత కాదు. కానీ కదిలింది. నెల్లూరులో మా వదినగారింటి అరుగు మీద నిలబడే ఇంజనీరుకు ఫోను చేసి కోప్పడ్డాను. ఇన్ని చదువులు చదివి, కంప్యూటర్లు పెట్టి, ఇదా చేసేది అన్నాను. అతను అంతా విని నెమ్మదిగా అడిగాడు.

“డిక్కీలో ఏమైనా ఉన్నాయా బాబాయి గారూ?”

“ఏమీ లేవు. మామూలు సామానే.”

“మామూలంటే?”

“మామూలంటే మామూలు. మిరపకాయలు ఒక బస్తా, చింతపండు ఒక బస్తా, కందిపప్పు, నువ్వుల నూనె డబ్బాలు రెండు, బెల్లం బుట్ట. కొబ్బరికాయలు కొన్ని.”

అవతల బల్ల మీద సుద్దముక్క గీసే చప్పుడు.

“వింటా ఉండావా?”

“వింటున్నానండీ. మీరు ఎప్పుడు నెల్లూరు వెళ్లినా ఇవన్నీ ఉంటాయా?”

“ఉట్టి చేతులతో ఎట్టా పోతాం పా అక్కచెల్లెళ్ల ఇంటికి! వచ్చేటప్పుడు వాళ్లు బియ్యం బస్తా వెయ్యకుండా పంపరు.”

అప్పుడు నవ్వాడు. ఇక ఆపుకోలేదు. “బాబాయి గారూ, మీరు మామూలన్నది ఇద్దరు మనుషుల బరువు. నేను మీ బరువొక్కటే పెట్టి సరిచేశాను. ఇంత బరువు పడితే వెనక కూర్చుంటుంది. కూర్చుంటే మీ కారుకు చక్రాల ముందు అంచులు బయటికి తిరుగుతాయి. బ్రేకు కొట్టినప్పుడు అందుకే ఊగుతోంది.”

నేను ఫోను పట్టుకుని అరుగు మీద అలాగే నిలబడ్డాను. అతనిదీ తప్పు కాదు. పందెం కార్ల డిక్కీలో చింతపండు ఉండదు. నాదీ తప్పు కాదు. పుట్టినప్పటి నుంచీ బరువు లేకుండా బంధువుల ఇంటికి వెళ్లిన కారును నేను చూడలేదు. సామాను లేని కారే నా లెక్కలో వింత. సామానున్న కారే నాకు ఖాళీ కారు.

“ఏం చెయ్యాల ఇప్పుడు?”

“అదే సామానుతో తీసుకురండి. అదే చోట పెట్టి ఉండాలి. పిన్నిగారు కూర్చునే సీటులో కూడా బరువుండాలి.”

ఇక్కడ చిక్కు వచ్చింది. ఆమె సీటులో ఏం పెట్టాలి? ఇసుక సంచులు చాలు. కానీ ఎన్ని? ఇంటికొచ్చాక నేను కొంచెం ఆలోచించకుండా అడిగేశాను. నీ బరువెంత, దానికి తగినట్టు మిరపకాయల బస్తా పెట్టిస్తా అని. ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“నన్ను మిరపకాయల బస్తాతో తూస్తారా?”

“తూసేది కాదు. నీ బదులు...”

“నా బదులు బస్తానే నెల్లూరికి తీసుకుపోండి. మాట్లాడదు, భయపడదు.”

రెండు రోజులు పలకరింపులు లేవు. మూడో నాడు కాఫీ ఇస్తూ తనే అడిగింది.

“ఆ బండి ఆడ కదలతాదా?”

“ఎందుకు కదలతాది? నిలబెట్టి ఆర్ములు తిప్పతారు. అంతే.”

“కదలని బండి అయితే ఎక్కతా. కూర్చుంటా. పోయేది ఆటోలో, వచ్చేది ఆటోలో.”

ఆమె ఆటో వెనక నా కారు, నా కారు నిండా కొట్టు నుంచి మళ్లీ తెచ్చిన అదే సామాను. అంబత్తూరు దాకా ఆ ఊరేగింపు అలాగే సాగింది. సిగ్నలు దగ్గర ఆటోలోంచి వెనక్కి వంగి చూసి, దూరంగా ఉండమని చెయ్యి ఊపింది.

వర్క్‌షాపులో కారును గుంత మీద నిలబెట్టారు. ఆమె ఎక్కడానికి ఒక పీట వేశారు. కూర్చోగానే చుట్టూ చూసింది.

“ఇట్టా కాదు. ఒక నూనె డబ్బా ఎప్పుడూ నా కాళ్ల దగ్గర ఉంటాది. డిక్కీలో పెడితే పడిపోతాది. బెల్లం బుట్ట ఈ పక్క సీట్లో. కొబ్బరికాయలు ఆడ వద్దు, ఈడ.”

అన్నీ ఆమె చెప్పినట్టు మార్చారు. ఇంజనీరు నా వైపు తిరిగి, “చూశారా, ఈ వివరం మీరు చెప్పలేదు” అన్నాడు. నేను చెప్పడానికి అది నా కంటికి ఎప్పుడైనా ఆనితే గదా! నేను ముందుకు చూసి తోలేవాణ్ని. తరవాత నా సీటులో ఇసుక సంచులు పెట్టి, నన్ను కంప్యూటరు దగ్గర నిలబడి అంకెలు చదవమని, అతను గుంతలోకి దిగాడు. నేను అంకెలు చదువుతున్నాను. కింద రెంచీ చప్పుడు. ఆమె కిటికీలోంచి కిందికి వంగి అతనితో మాట్లాడటం మొదలుపెట్టింది. నాకు వినపడుతుందో లేదో ఆమెకు పట్టలేదు. వినపడాలనే మాట్లాడిందేమో, అది కూడా చెప్పలేను.

“నాయనా, కింద ఉండావా?”

“ఉన్నానమ్మా.”

“ఇది చేస్తే ఇంక జారదా?”

“జారదమ్మా. ఇంత బరువుతో కూడా జారదు. రోడ్డు మీద నూనె పడి ఉంటే చెప్పలేను.”

“బండి జారితే జారనీ నాయనా. జారేది నాకు తెలీదా? ఈయన స్కూటరు మీద నేను పడని వీధి లేదు. దానికి కాదు నాకు భయం వేసింది. ఆ పొద్దు బండి అట్టా తిరిగినప్పుడు ఈయన రోడ్డు చూడలా. వెనక్కి తిరిగి నన్ను చూసినాడు. లారీ ఎదురుగా ఉండాది, ఈయన నా మొగం చూస్తా ఉండాడు. అట్టా చూసేవాడి వెనక ఎట్టా కూర్చునేది, నువ్వే చెప్పు.”

కింద రెంచీ ఆగింది. నేను అంకెలు చదవడం మరిచిపోయాను.

చూశాను. నిజమే. రెప్పపాటే అయినా చూశాను. బండి వెనక భాగం నా మాట వినకుండా పోతున్నప్పుడు ఆ వెనక భాగంలో ఉన్న మనిషిని చూడకుండా ఎలా ఉంటాను? ఏ పుస్తకం చెప్పినా, ఎంత షోలవరం చూసినా, ఆ మెడ దానంతట అదే తిరిగింది. అది తప్పయితే తప్పే అనుకోండి. నేను మాత్రం అనుకోను. కానీ ఈ మాట అప్పుడే నాతో చెప్పి ఉంటే, బండిదొకటి, నాదొకటి, రెంటినీ విడివిడిగా చూసుకునేవాణ్ని గదా! దానికి పంక్తి ఎందుకు? రైలెందుకు? ఇన్ని వారాలు నేను ఇనుముతో కుస్తీ పడుతుంటే పక్కన కూర్చుని రాళ్లు ఏరడమెందుకు?

“బాబాయి గారూ, ఎడమ చక్రం ఎంత చూపిస్తోంది?” అని కింద నుంచి కేక.

చదివాను. కుడి చక్రంది చదివానని చూసుకుని, రెండోసారి చదివాను. అతను ఎడమ ఆర్మును ఒక చుట్టు తిప్పి, నట్టు బిగించాడు. ఇంత బరువుకు సరిచేస్తే, ఖాళీగా తిరిగేటప్పుడు టైర్లు కొంచెం ఎక్కువ అరుగుతాయన్నాడు.

“అరగనీ” అన్నాను.

పని అయ్యాక ఆమె పీట మీద కాలు పెట్టి దిగింది. కారు దిగాక ఆర్ములు చూడాలని ఉంది అంది. టార్చి వేసి చూపించాడు. నల్ల గొట్టాలు, మెరిసే మరలు, వాటి మీద రబ్బరు తొడుగులు. “దీనికా ఇంత!” అని పైట సర్దుకుని, బయట నిలబడి ఉన్న ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే, అదే సామానుతో, ఆమె సీటులో ఇంజనీరును కూర్చోబెట్టుకుని, హైవే ఎక్కాను. కాళ్ల దగ్గర నూనె డబ్బాతో అతను ముడుచుకుని కూర్చున్నాడు. ఖాళీ రోడ్డు చూసి బ్రేకు తొక్కాను. కారు మొత్తం ఒకే ముక్కలా కిందికి వంగి ఆగింది. వంతెనల అతుకుల మీద తొక్కాను. అప్పుడూ అంతే. వెనక ఏమీ చప్పుడు లేదు, గుంతల్లో మెత్తగా దుంకుతోంది. నాలుగోసారి తొక్కబోతుంటే వెనక నుంచి అన్నాడు.

“బాబాయి గారూ, ఇప్పుడు కూడా అద్దంలో నన్నే చూస్తున్నారు.”

“అలవాటు” అన్నాను.

“మానుకోండి. కారు సంగతి నేను చూశాను. అది మీరు చూడండి.”

తిరిగి వచ్చేటప్పుడు ఆ పనే చేశాను. ఎదురుగా ఉన్న రోడ్డు, దూరంగా ఉన్న లారీ, మళ్లీ రోడ్డు. ఈ వయసులో మెడకు కొత్త పాఠం. మెడ కూడా ఒక రకం ఆర్మే, అలవాటయిన వైపు వంగి ఉంటుంది, కొంచెం కొంచెం తిప్పి సరిచెయ్యాలి. మా పేటలోకి వచ్చేసరికి మూడు సిగ్నళ్ల దాకా వెనక్కి చూడకుండా తోలాను. ఇంజనీరు అంబత్తూరులో దిగిపోయాడు కాబట్టి మెచ్చుకునేవాళ్లెవరూ లేరు.

ఇంటికి వచ్చి ఏమీ అరవలేదు. కారు పెట్టి, పైకి వచ్చి, చేతులు కడుక్కుని, ఆమె పక్కన కూర్చుని మామూలు గొంతుతో అడిగాను. అక్క దగ్గరికి వచ్చే వారం వెళ్లాలి గదా, నాతో వస్తావా అని. ఆమె జవాబు చెప్పలేదు. ఆ రాత్రి చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. కానీ రైలు టిక్కెట్టు తియ్యమని కూడా తమ్ముడి కొడుకుతో చెప్పలేదు. అది నేను కనిపెట్టాను. కనిపెట్టినట్టు కనపడకుండా తిరిగాను. కారు తుడిచాను. వెనక సీటులో ఒక చిన్న దిండు పెట్టాను, మళ్లీ తీసేశాను, మళ్లీ పెట్టాను.

ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం భోజనం వడ్డిస్తూ, నేను రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నాక, అడగని రోజున, తనంతట తనే చెప్పింది.

“తడ దాకా వస్తా. మీరు రోడ్డు చూడాల. నేను నా పాటికి కూర్చుంటా, నేనుండానా లేదా అనేది మీకు అక్కర్లా. నడాన ఒక్కసారి వెనక్కి తిరిగినారో, తడ స్టేషన్లో దిగి రైలెక్కతా. తిరగలేదంటే, నెల్లూరు దాకా వస్తా, తిరిగి వచ్చేటప్పుడు కూడా మీతోనే వస్తా. మీరు నన్ను చూసేది ఇంట్లో చూడండి, ఆడ నేను యాడికీ పోను.”